మోకాలు మొరాయిస్తే బరువునే నిందిస్తామా?

మన ఇళ్లలో అరవై దాటిన తల్లులను ఒకసారి గమనించండి. సజ్దా నుంచి లేవడానికి గోడ ఆసరా కోసం వెతుక్కుంటారు. కొన్నాళ్లకు జానిమాజ్ పక్కన కుర్చీ వచ్చి చేరుతుంది. మోకాలి కీలు పూర్తిగా అరిగిపోయిందని, మార్చాలని డాక్టరు చెబుతాడు. వెంటనే 'ముందు బరువు తగ్గి రండి' అంటాడు. నాలుగడుగులు వేయలేని మనిషి బరువు తగ్గేదెలా? నొప్పి వల్ల నడక తగ్గుతుంది, నడక తగ్గితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే నొప్పి మరింత ముదురుతుంది.

ఇంట్లో మనం చేసేదేమిటి? 'తిండి తగ్గించుకోరాదా?' అని ఎత్తిపొడుస్తాం. ఆ మాటకు జంకి చాలామంది తమ బాధ చెప్పుకోవడమే మానేస్తారు.

బరువు ప్రభావం లేదని మనం అనడం లేదు. ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలిపై పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో అమెరికాలో జరిగిన పరిశోధన తేల్చింది. శరీర బరువు సూచీ 40 దాటినవారికి, అంటే అయిదడుగుల మనిషి సుమారు 93 కిలోలు దాటితే, ఆపరేషన్ తర్వాత చీము పట్టే ప్రమాదం ఎక్కువ. పుండు మానడమూ ఆలస్యం కావచ్చు.

అయితే రెండో వైపు కూడా చూడాలి. ఆపరేషన్‌కు ముందు, తర్వాత రోగులనే అడిగి చూసిన పరిశోధనల్లో లావుపాటివారికీ నొప్పి బాగా తగ్గినట్లు, నడక మెరుగైనట్లు వెల్లడైంది. అందుకే అమెరికా కీళ్లవైద్యుల సంఘాలు 2023లో, కేవలం బరువు అంకె చూసి ఆపరేషన్‌ను వాయిదా వేయవద్దని సూచించాయి. అదుపులో లేని షుగరును మాత్రం ముందు అదుపులోకి తేవాలని, పొగ మానాలని చెప్పాయి.

కనుక డాక్టరును మనం వివరంగా అడగాలి: ఈ బరువుతో ప్రమాదం ఎంత? ఆగితే నష్టం ఎంత? తొడ కండరాలకు బలమిచ్చే, పడుకుని చేసే వ్యాయామాలేవి? ఆపరేషన్ అయినంత మాత్రాన బరువు దానంతటదే తగ్గదు. ఆ తర్వాత కూడా మోకాళ్లపై కూర్చోవడం కొందరికి కష్టమే. అలాంటివారు కూర్చుని నమాజు చేసుకునే వెసులుబాటును ధర్మమే ఇచ్చింది.

అమ్మకు పథ్యం వండి, ఇంటిల్లిపాదీ వేరే వంటలు తింటే ఆమె బరువు తగ్గదు. దస్తర్‌ఖాన్ మీద అందరికీ ఒకే వంట ఉండాలి. ఎత్తిపొడుపు మాని చేయందిద్దాం.