బియ్యం డబ్బా మీద లెక్కలు

నాచారం పారిశ్రామికవాడ వెనక ఒంటిగది ఇల్లు. మా పదో తరగతి పిల్ల ఒకతి బియ్యం డబ్బా మీద పుస్తకం పెట్టుకుని లెక్కలు చేసేది అక్కడే. నైట్ షిఫ్టు వారాల్లో నాన్న పొద్దుగూకేదాకా పడుకుంటాడు, లైటు వేయకూడదు. అమ్మ ఉప్పల్‌లో ఇళ్లలో పనికి పోతే తమ్ముణ్ని చూసుకోవాల్సిందీ ఈ పిల్లే.

"సార్, సూత్రాలన్నీ వస్తయ్, టైమే దొరకదు" అంటుంది. హబ్సిగూడలో కలిగినవాళ్ల ఇళ్లలో ఇదే ఈడు పిల్లలకు ట్యూషన్లు అయ్యేసరికి రాత్రవుతుంది. టైము కూడా కొనుక్కోవాల్సిందే మరి!

ఇలాంటి పిల్లలకు అండగా ఉండాల్సిన 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతితోనే ఆగిపోతుంది. అసలు చిక్కులు మొదలయ్యేది ఆ తర్వాతే. మా సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం మాత్రం పదిదాకా ఉంది, అదో ఊరట.

మొన్న స్లిప్ టెస్టులో ఆ పిల్లకు 20కి 17 వచ్చాయి. ఆ వారం వాళ్ల నాన్నది పగటి షిఫ్టు.