ప్రశ్నించడం నేర్పిన హోసూరు మేష్టారు

హైస్కూలు వయసులో నడవడిక, నాయకత్వం ఉపన్యాసాలతో అబ్బవు. బాధ్యత నెత్తిన పడితే అబ్బుతాయి. కర్ణాటకలోని గౌరిబిదనూరు తాలూకా హోసూరులో 1920లో పేదింట పుట్టిన హెచ్. నరసింహయ్య జీవితం ఇందుకు మంచి ఉదాహరణ. చదువు మీది ఆశతో ఆయన బెంగళూరుకు కాలినడకన వెళ్లి నేషనల్ హైస్కూలులో చేరారు. 1936లో గాంధీజీ అక్కడికి వచ్చినప్పుడు ఆయన హిందీ ప్రసంగాన్ని కన్నడంలో చెప్పే పని ఈ విద్యార్థికి దక్కింది. అంత పెద్ద పనిని ఒక కుర్రవాడికి నమ్మి అప్పగించడమే అసలైన శిక్షణ. 1942లో ఆయన చదువు పక్కనపెట్టి క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లారు.

తర్వాత అమెరికాలో అణుభౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసి వచ్చినా ఖాదీ విడవలేదు. బ్రహ్మచారిగా, తాను పాఠాలు చెప్పిన నేషనల్ కాలేజీ హాస్టల్ గదిలోనే, విద్యార్థుల మధ్యే ఉండిపోయారు. నిరాడంబరత గురించి ఇంతకు మించిన పాఠం ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఆయన 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం స్థాపించారు. బెంగళూరు విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్‌గా 1976లో మహిమల నిజానిజాలు తేల్చేందుకు కమిటీ వేశారు. ఆధారం అడిగే ధైర్యం లేనివాడు ఎవరికీ దారి చూపలేడు. బడిలో క్లాస్ లీడర్‌కైనా ముందు నేర్పాల్సింది ఇదే.