రెండు వ్రేళ్ల గిటారు

అరకులోయ సంతలో ఒక గడియసేపు నిలుచున్నచో మూడు నాలుగు భాషలు చెవినిబడును. కొండలమీదినుండి అల్లము, పసుపు, చింతపండు మోసికొని దిగివచ్చిన వారు ఇంటిలో ఏ భాష మాటలాడుకొన్నను, ఇతరులతో బేరమాడునపుడు పెక్కుమంది ఆదివాసీ ఒడియాను ఆశ్రయింతురు. ఆ భాషలో రెండు అను సంఖ్యకు 'దుయి' అని పేరు. నీటిని 'పాని' అందురు. ముక్కు 'నాక్', చెవి 'కాన్'.

ఈ సంతకు వేలమైళ్ల దూరమున, ఐరోపా ఖండమున, లోకము జిప్సీలని పిలుచు రోమా జాతివారు కలరు. వారి పిల్లవాడు అంకెలు లెక్కించునపుడు 'యేఖ్, దుయి, త్రిన్' అనును. నీటిని వాడును 'పాని' యనియే అడుగును. ముక్కు 'నఖ్', చెవి 'కన్'. వీరు ఈజిప్టునుండి వచ్చినవారని భ్రమించి ఐరోపావారు జిప్సీలని పేరుపెట్టిరి. 18వ శతాబ్ది చివర భాషాపండితులు ఈ మాటలను పరిశీలించి, వీరి పూర్వులు భారతదేశమునుండి వెడలినవారని గ్రహించిరి. వారి భాషలో ఏడు, ఎనిమిది, తొమ్మిది అను సంఖ్యలకు మాత్రము గ్రీకు మాటలు వాడుకలో నున్నవి. అనగా ఈ బాటసారులు గ్రీకు భాష మాటలాడు సీమలలో చాలకాలము నిలిచిరన్నమాట. చరిత్ర వ్రాసికొనని జాతికి అంకెలే చరిత్రయైనవి. వారు మన కొండలనుండి పోయినవారని నేననుట లేదు. ఆ భాషయు ఆదివాసీ ఒడియాయు ఒకే కుటుంబమునకు చెందిన దూరపు జ్ఞాతులని మాత్రమే నా మనవి.

ఆ 'దుయి' అను మాటను పట్టుకొని, ఆ జాతిలో పుట్టి రెండు వ్రేళ్లతో గిటారు వాయించిన ఒక మహావాద్యకారుని కథ చెప్పదలచితిని.

1910వ సంవత్సరము జనవరి 23వ తేదీన బెల్జియం దేశమున లిబెర్షీ అను గ్రామముచెంత, దేశద్రిమ్మరుల గుఱ్ఱపుబండిలో జాంగో రైన్‌హార్ట్ జన్మించెను. ఆయన తల్లిదండ్రులు రోమా జాతిలో మనూష్ అను శాఖవారు. 'మనూష్' అనగా మనుష్యుడే. 'జాంగో' అనగా 'నేను మేలుకొంటిని' అని అర్థము చెప్పుదురు. మన జాగరణ శబ్దమునకు చుట్టమైన మాట. పారిస్ నగరపు పొలిమేరలలో బండ్ల నడుమ ఆయన పెరిగెను. బడిచదువు లేదు. చదువను వ్రాయను ఇంచుమించు రాదు. సంగీత స్వరలిపి అసలే రాదు. పండ్రెండవ యేట గిటారు వలె వాయించు బాంజో ఒకటి చేతికి వచ్చినది. పెద్దలు వాయించుచుండగా వారి వ్రేళ్లను చూచి, వాద్యము నేర్చెను. కొలదికాలములోనే పారిస్ నృత్యశాలలలో అకార్డియన్ వాద్యకారులకు ప్రక్కవాద్యము వాయించి సంపాదించుకొనుచుండెను.

1928వ సంవత్సరము శరత్కాలమున ఒక రాత్రి ఆయన కాపురమున్న బండికి నిప్పంటుకొనెను. భార్య అమ్మకమునకై చేసిన సెల్యులాయిడ్ పూలు బండిలో నుండుటచే అది క్షణములో భగ్గుమనెను. దంపతులు ప్రాణములతో బయటపడిరి గాని, జాంగో కుడికాలును ఎడమచేయియు తీవ్రముగా కాలినవి. కాలు తీసివేయవలెనని వైద్యులనగా ఆయన అంగీకరింపలేదు. ఎడమచేతి ఉంగరపు వ్రేలును చిటికెన వ్రేలును ముడుచుకొనిపోయి, మరల పూర్తిగా చాచుకొనవాయెను. అప్పటికి ఆయన వయస్సు 18 ఏండ్లు. సుమారు ఒకటిన్నర సంవత్సరము చికిత్సలో గడచెను. ఆ కాలముననే తమ్ముడు జోసెఫ్ తెచ్చియిచ్చిన గిటారుతో ఆయన మరల మొదటినుండి సాధన ప్రారంభించెను.

ఈ నష్టమెంతటిదో మన వీణతో పోల్చి చూచినచో తెలియును. గిటారువాడు సాధారణముగా ఎడమచేతి నాలుగు వ్రేళ్లను నాలుగు మెట్లమీద పరచి, చేతిని కదలింపకయే ఒక తీగనుండి మరొక తీగకు అడ్డముగా పోవును. రెండు వ్రేళ్లవానికి ఆ మార్గము మూసికొనిపోయినట్లే. కాని మన వైణికులు మెట్లమీద చూపుడువ్రేలిని నడిమివ్రేలిని మాత్రమే నడపుదురు గదా! వారు తీగవెంబడి పైకిని క్రిందికిని చేతిని జార్చుచు సమస్త రాగములను పలికింతురు. జాంగోకు వీణ తెలియదు. అవసరమే గురువై ఆయనను ఆ త్రోవనే నడిపించినది. రెండు వ్రేళ్లతో మెట్లవరుస వెంట నిలువుగా పరుగెత్తు స్వరగుచ్ఛములను ఆయన కల్పించుకొనెను. అనేక స్వరములను ఒక్కమారు పలికించు 'కార్డు'లకు మాత్రము, ముడుచుకొనిపోయిన రెండు వ్రేళ్లను కొసతీగలపై ఎట్లో ఆనించి వాడుకొనెను. కార్డులోని స్వరములను విడదీసి మాలగా గ్రుచ్చుట, ఒకే స్వరమును రెండు స్థాయిలలో కలిపి పలికించుట, నొక్కిన స్వరమును మన కంపిత గమకమువలె వణికించుట ఆయన బాణీకి గుర్తులైనవి.

కుడిచేతి పద్ధతియు విలక్షణమే. మణికట్టును వంచి, అరచేతిని వాద్యమునకు ఆనింపక, మీటు పలకతో తీగను క్రిందికి కొట్టుదురు. ఆ పలక తీగను మీటి, ప్రక్క తీగపై వాలి విశ్రమించును. తీగ మారినపుడెల్ల మరల క్రిందిదెబ్బతోనే ఆరంభింతురు. విద్యుత్ సాయము లేని ఆ దినములలో, సందడిగా నుండు నృత్యశాలలో ఒక్క గిటారు స్వరము కడపటి వరుసకు వినబడవలెనన్న ఇంతటి బలము కావలసియుండెను. ఇటలీ దేశీయుడగు మారియో మకాఫెర్రీ రూపకల్పన చేయగా పారిస్‌లో సెల్మర్ కంపెనీవారు 1932లో వెలువరించిన గిటారు ఈ బాణీకి తగిన వాద్యమైనది. 1952లో దాని తయారీ నిలిచిపోయినను, నేటికిని ఆ నమూనానే అనుసరించి వాద్యములు చేయుచున్నారు.

అమెరికా నీగ్రోజాతివారి కష్టజీవితమునుండి పుట్టిన జాజ్ సంగీతమును జాంగో గ్రామఫోను పలకలపై వినెను. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బాకా విని ముగ్ధుడాయెను. జాజ్‌కు ప్రాణము మనోధర్మము. పల్లవి ఒకటి పట్టుకొని అప్పటికప్పుడు అల్లుకొనిపోవుట. 1934లో ఆయనయు, స్తెఫాన్ గ్రాపెల్లీ అను ఫిడేలు విద్వాంసుడును కలిసి హాట్ క్లబ్ ఆఫ్ ఫ్రాన్స్ పంచవాద్య బృందమును స్థాపించిరి. తమ్ముడు జోసెఫ్, రోజె షాపు అను వారు తాళపు గిటార్లను, లూయీ వోలా నిలువెత్తు మంద్రవాద్యమును పట్టిరి. జాజ్ బృందములలో తప్పనిసరియనుకొన్న డ్రమ్ములు ఇందు లేవు. బాకాలును లేవు. అన్నియు తీగలే.

డ్రమ్ములు లేక తాళమెట్లు నడచును? రెండు గిటార్లు ఆ పని చేసినవి. నాలుగు మాత్రలలో ఒకటవదియు మూడవదియు కొంచెము మ్రోగును. రెండవదియు నాలుగవదియు పొట్టిగా, పొడిగా తెగును. మీటిన వెంటనే ఎడమచేతి వ్రేళ్లను సడలించి నాదమును నొక్కివేయుటచే ఆ తెగుదల వచ్చును. దీనిని ఫ్రెంచివారు 'లా పోంప్' అందురు. అనగా నీరుతోడు పంపు. మా లోయలో ధింసా నృత్యమును చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. స్త్రీలు ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసికొని అడుగులు వేయుచుందురు. తుడుము, డప్పు, అడుగుల సవ్వడి ఒకే నడకను విడువక మోయుచుండ, మోరి తన ఇచ్చ వచ్చినట్లు పైన విహరించును. క్రింది నడక ఎంత నిశ్చలమో పై విహారము అంత స్వేచ్ఛ. జాంగో స్వేచ్ఛ అంతయు తమ్ముని చేతి తాళముమీద నిలిచినదే.

1939లో యుద్ధము వచ్చినపుడు బృందము లండనులో నుండెను. గ్రాపెల్లీ అచటనే నిలిచిపోగా జాంగో పారిస్‌కు మరలెను. నాజీలు రోమా జాతివారిని వేటాడి చంపిన దినములవి. రెండు లక్షలనుండి ఐదు లక్షలవరకు హతులైరని చరిత్రకారుల అంచనా. జర్మనుల వశమైన పారిస్‌లో 1940లో జాంగో కూర్చిన 'నువాజ్' అను కృతి ఇంటింట మ్రోగెను. ఆ మాటకు మేఘములని అర్థము. జనుల చప్పట్లు అందుకొన్న ఆ మనిషియే 1943లో ప్రాణభీతితో స్విట్జర్లాండుకు పారిపోజూడగా, సరిహద్దు కావలివారు త్రిప్పి పంపివేసిరి. ఆయన యుద్ధమును దాటి బ్రదికెను. 1946లో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందముతో అమెరికాలో పర్యటించెను. తుదకు సేన్ నదీతీరమున సామ్వా అను గ్రామమున స్థిరపడి, 1953 మే 16వ తేదీన 43వ యేట మరణించెను.

ఆయన వ్రాసిపెట్టిన లక్షణగ్రంథము లేదు. అయినను ఆ బాణీ నిలిచినది. బండ్ల నడుమ నెగళ్లచెంత తండ్రిచేతిని చూచి కొడుకు, అన్నచేతిని చూచి తమ్ముడు నేర్చుకొనిరి. పిల్లవాడు ముందు తాళపు గిటారు పట్టును. ఆ నడక కుదిరిన తరువాతనే పై స్వరములకు అధికారి యగును. ఆల్సేస్ ప్రాంతమున 1966లో పుట్టిన బిరేలీ లాగ్రెన్ 13 ఏండ్ల ప్రాయమున జాంగో బాణీలో తొలి రికార్డు ఇచ్చెను. విచిత్రమేమనగా, నాలుగు వ్రేళ్లును చక్కగానున్న వాద్యకారులు సైతము ఆ రెండువ్రేళ్ల నడకలను శ్రద్ధగా అభ్యసింతురు. లోపమని తోచినది శాస్త్రమైనది.

ఇట్టి విద్యాదానము మన తెలుగునాట నెరుగనిది కాదు. పాలకొల్లులో 1969లో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్‌కు విద్య చెప్పిన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించుట రాదు. ఆయన నోటితో పాడుచుండ, ఆ బాలుడు విని వ్రేళ్లతో పలికించెను. జంటతీగల ఆ పాశ్చాత్య వాద్యమును ఒంటితీగలతో మార్చి, విద్యుత్ సాయము చేర్చి, గమకమునకు లొంగదనుకొన్న దానిచేత కర్ణాటక రాగములు పలికించెను. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవమున ఆ బాలుని కచేరీకి ఐరోపా శ్రోతలు జోహారులర్పించిరి. ఉత్తరోత్తర ఆయనతో కలిసి వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్ బాల్యమున జాంగో రికార్డులు విని గిటారుపై మక్కువ పెంచుకొన్నవాడే. శ్రీనివాస్ 2014లో 45వ యేట గతించుట మన దురదృష్టము.

ఈ కథను నేను తరగతిలో చెప్పుటకు ఒక కారణము కలదు. అది నా తప్పే గనుక దాచను. ఒక సంవత్సరము కళాశాల వార్షికోత్సవమునకై, "మీలో సంగీతము వచ్చినవారెవరు?" అని విద్యార్థులనడిగితిని. ఒక్క చేయియు లేవలేదు. వెనుక బల్లపై ఎన్నడును నోరు విప్పని కొండపిల్లవాడొకడు తలవంచుకొని కూర్చుండెను. ఛందస్సు పరీక్షలో వానికి వచ్చినవి అయిదు మార్కులు. ఆ చైత్రమున ఇటుకల పండుగకు వారి యూరికి పోయితిని. తుడుము మోసినవాడు వాడే. మూడు గంటలు ఒక్క దెబ్బ తప్పలేదు. ఆ యూరి పెద్దలు వాని నడకనుబట్టి అడుగువేయుచుండిరి.

మరునాడు, "ఆనాడు చేయి ఎత్తలేదేమి నాయనా?" అని అడిగితిని. "సంగీతమంటే పుస్తకంలో ఉండేదనుకున్నానండి. ఇది మా ఊరి వాయింపేగదా, మాస్టారూ" అనెను.

ఆ మాటకు నాయొద్ద సమాధానము లేదు. వానికి ఆ భావము కలిగించినది మేమే. మరుసటి వారము గురులఘువుల పాఠమును నల్లబల్లమీద వ్రాయక, వానినే ముందునకు పిలిచితిని. వాడు సిగ్గుపడుచు నా మేజాపై రెండు వ్రేళ్లతో ధింసా నడకను చరచి చూపెను. దీర్ఘమైన దెబ్బ గురువు, పొట్టిదెబ్బ లఘువు. ఏడాదిగా నా వివరణకు లొంగని పాఠము తరగతికి పది నిమిషములలో పట్టుబడెను. పిల్లలందరును బల్లలపై చరచుచుండ, వాడు తాళము తప్పకుండ తన భాషలోనే మెల్లగా లెక్కపెట్టుచుండెను: ఏక్, దుయి, ఏక్, దుయి.