హరిత భవనానికి పత్రాలే సాక్ష్యం

ఒక కట్టడం విద్యుత్తును, నీటిని, సామగ్రిని ఎంత పొదుపుగా వాడుతుందో తూచి పాయింట్లు వేసే పద్ధతే హరిత భవన ధ్రువీకరణ. 2001లో ఏర్పడి హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ రేటింగులు, టెరీ సంస్థ రూపొందించిన 'గృహ', అమెరికాలో పుట్టిన 'లీడ్' మన దేశంలో వాడుకలో ఉన్నాయి. లీడ్ నాలుగో కూర్పులో మొత్తం 110 పాయింట్లు. 60 నుంచి గోల్డ్, 80 నుంచి ప్లాటినం. హైదరాబాద్‌లోని సీఐఐ-సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు 2003లోనే లీడ్ ప్లాటినం దక్కింది.

ఈ పాయింట్లు ప్రధానంగా సమర్పించిన పత్రాలను బట్టే వస్తాయి. వాటిని మూడు దశల్లో సమకూర్చాలి.

మొదటిది డిజైన్ దశ. ప్లాన్లు, కిటికీల వైశాల్యం, గోడలు, పైకప్పు వేడిని అడ్డుకునే తీరు, ఏసీల సామర్థ్యం వివరాలతో కంప్యూటర్‌లో భవన నమూనా తయారుచేసి ఏడాది విద్యుత్ వాడకాన్ని అంచనా వేస్తారు. పోలికకు అదే పరిమాణంలో ఒక ప్రామాణిక భవనాన్ని ఊహిస్తారు. దాన్ని నాలుగు దిక్కులకూ తిప్పి, సగటు తీస్తారు. అందువల్ల ఎండను గమనించి సరైన ముఖం ఎంచుకున్న వాస్తుశిల్పికి ఆ పొదుపు కూడా లెక్కలోకి వస్తుంది.

నీటి లెక్క ఇంకా తేలిక. లీడ్ ప్రకారం ఆఫీసులో పూర్తికాలం పనిచేసే మహిళ రోజుకు మూడుసార్లు టాయిలెట్ వాడుతుందని, ప్రామాణిక ఫ్లష్‌కు 6 లీటర్లని తీసుకుంటారు. వందమందికి 1,800 లీటర్లు. 4 లీటర్ల ఫ్లష్ బిగిస్తే 1,200 చాలు. దీనికి రుజువు కంపెనీ ఇచ్చే సాంకేతిక వివరాల పత్రం, కొనుగోలు బిల్లు.

రెండోది నిర్మాణ దశ. ఇక్కడ పోయిన సాక్ష్యం మళ్లీ దొరకదు. పైమట్టిని పక్కకు తీసి కాపాడినట్టు తేదీలతో ఫొటోలు, శిథిలాలను పునర్వినియోగానికి పంపిన వేబ్రిడ్జి చీటీలు, సిమెంటు, ఇటుకలు ఎక్కడ తయారయ్యాయో చెప్పే ఉత్పత్తిదారుల లేఖలు, రంగుల్లో ఆవిరయ్యే రసాయనాల పరీక్ష నివేదికలు ఎప్పటికప్పుడు దాచాలి. ఫ్లైయాష్ ఇటుకలకు బూడిద శాతం కూడా లేఖలో ఉండాలి. అది పారిశ్రామిక వ్యర్థం కాబట్టి లీడ్ లెక్కలో ఆ భాగం విలువలో సగమే పరిగణిస్తారు.

మూడోది పూర్తయ్యాక. ఏసీలు, పంపులు, లైట్లు డిజైన్‌లో చెప్పినట్టే నడుస్తున్నాయని పరీక్షించిన నివేదికలు జతచేయాలి. డ్రాయింగులో, లెక్కల పట్టికలో, బిల్లులో ఒకే సంఖ్య ఉందో లేదో సరిచూడాలి. తేడా ఉంటే పరిశీలకులు వివరణ కోరతారు. సమాధానం చాలకపోతే ఆ పాయింట్లు పోతాయి.

భవనం పూర్తయ్యాక కాగితాలు వెతుక్కోవడం వృథా శ్రమ. పునాది తవ్వకముందే ఫైలు తెరిచి, ఆ బాధ్యతను ఒక ఇంజినీరుకు అప్పగించాలి.