గనికి మస్టరున్నది, కంటికేది?

బెల్లంపల్లి బొగ్గుగని కార్మికునకు మస్టరనిన నేమో యెవరును చెప్పనక్కరలేదు. పనికి రానివాని పేరునకెదుట ఖాళీ యగపడును. ఆ ఖాళీయే ప్రశ్నించును. మధుమేహరోగుల కన్నుల విషయమున మన వైద్యశాలలలో లోపించినది యట్టి ఖాళీయే.

మధుమేహము రెటీనా యను కంటితెరలోని సన్నని రక్తనాళములను చెఱచును. నొప్పి యుండదు, చూపు చాలకాలము చెడదు. గోడమీది యక్షరముల నన్నింటిని చదివినవాని కంటితెరపై సైతము రక్తపు చుక్కలుండవచ్చును. చూపు మందగించిన పిదప వచ్చినవానికి లేజరు చికిత్స చేసినను, మిగిలిన చూపును నిలుపుకొనుటయే ప్రధానలాభము. అందుచేతనే, పెద్దవయసున వచ్చు మధుమేహమునకు రోగము తెలిసిననాడే యొకమారును, పిమ్మట ఏటేటను కంటితెరను పరీక్షింపవలెనని వైద్యులు నియమించినారు.

నియమము సరే, జ్ఞాపకముంచుకొనువారెవరు? మాత్రలకై వచ్చిన రోగి కాలిపుండును గూర్చి చెప్పుకొనును. వెలుపల నింకను పదిమంది వేచియుందురు. కన్ను సంగతి యిద్దఱును మఱతురు. వందలమంది గడువులను మనసున మోయుమని యొక వైద్యుని కోరుట న్యాయముగాదు.

పనిలోనున్న గని కార్మికునకు 1955 నాటి గనుల నిబంధనల ననుసరించి నియతకాలిక వైద్యపరీక్ష కలదు. ఉద్యోగము ముగిసిన మఱునాటినుండి యా పిలుపు రాదు. మధుమేహము ముదురుట తఱచుగా నా వయసుననే. 2018 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వ మారంభించిన ‘కంటి వెలుగు’ ఊరూర చూపు పరీక్షించి కళ్లద్దములిచ్చెను. 2023లో మఱల జరిగెను. మంచిపనియే. కాని శిబిరము జాతర వంటిది, వచ్చి పోవును.

ఆంగ్లేయులనుండి మనము నేర్వవలసినది స్వల్పమని తలచువారిలో నేనొకడను. ఇది మాత్రము నేర్వదగినదే. 2003లో ఇంగ్లాండున నారంభమైన పద్ధతిలో, మధుమేహుల పట్టికనుండి గడువు రాగానే రోగికి జాబు పోవును. పనిచేయు వయసువారి అంధత్వ కారణములలో మధుమేహ నేత్రవ్యాధి, ఐదు దశాబ్దములలో మొదటిసారిగా, ప్రథమస్థానమును కోల్పోయినదని 2014లో ప్రకటితమైన పరిశీలన తెల్పెను. ఈ పరీక్షలును, మెఱుగైన చక్కెర చికిత్సయు నందుకు కారణములు కావచ్చునని పరిశోధకుల యభిప్రాయము.

మన వైద్యశాలలకు కంప్యూటరున్న మేలు. లేనిచో గీతల పుస్తక మొకటి చాలును. నెలకొక పుట, ఆ నెల గడువు గలవారి పేర్లు. పరీక్షకు పొమ్మని చీటి వ్రాసియిచ్చిననాడు పేరు కొట్టివేయరాదు, ఫలితము చేతికందిననాడే కొట్టివేయవలెను. మిగిలిన పేర్లకు ఫోను చేయవచ్చును, ఆశా కార్యకర్తతో కబురంపవచ్చును. ప్రతినెల మొదటి దినమున నా పుస్తకము తెఱచు నర్సు ఎవరో ముందుగా నిర్ణయింపవలెను. ఆమె సెలవుననున్న నాడు తెఱచువా రెవరో కూడ.