రి ఒక్కటే తక్కువ

ఉకులేలేని చూడగానే ముందు నవ్వొస్తుంది. గిటారును ఎవరో వేడినీళ్లలో ఉతికితే ముడుచుకుపోయినట్టుంటుంది. మా ఇంటికి కొత్తగా వచ్చింది కాన్సర్ట్ సైజుది. దాదాపు 23 అంగుళాల పొడవు, నాలుగే తీగలు. పట్టీ అక్కర్లేదు, ముంజేత్తో గుండెకు అదుముకుంటే నిలుస్తుంది.

అందం మాత్రం తక్కువేం కాదు. కోవా చెక్క తేనె రంగులో మొదలై అంచుల దగ్గర ఎర్రబారుతుంది. కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పితే లోపలి చారలు కదులుతున్నట్టే ఉంటాయి. కోవా హవాయి దీవుల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. మన తుమ్మకి దూరపు చుట్టం. అయితే మెరుపు చూసి మురిసిపోయే ముందు రంధ్రం అంచును పట్టి చూడాలి. పై పలక మీది చార ఆ అంచు మందంలోకి కూడా దిగితే అది ఒకే చెక్క. పొరలు పొరలుగా కనిపిస్తే అతికించిన పలక. మాది రెండో రకం. నాకేం బాధ లేదు. బొబ్బిలి వీణకైతే పనస మొద్దునే తొలుస్తారు, దాని దిట్టం వేరు. ఇంత పలచని పలక ఒకే చెక్కయితే విశాఖ ఉక్కకీ రాయలసీమ ఎండకీ ఒంగిపోకుండా, పగలకుండా కాపాడుకోవడం పెద్ద పని.

దీని పుట్టుకలో చెరకు ఉంది. 1879 ఆగస్టులో రేవెన్స్‌క్రాగ్ అనే ఓడ పోర్చుగల్ వాళ్ల మదీరా దీవి నుంచి తోట కూలీలను హోనలూలూ చేర్చింది. మన తెలుగువాళ్లు నాటాల్ చెరకు తోటలకు ఓడలెక్కుతున్న రోజులే అవి. రేవెన్స్‌క్రాగ్‌లో దిగినవాళ్లలో నునేష్, డియాస్, ఎస్పిరిటో శాంటో అనే ముగ్గురు వడ్రంగులు తమ ఊరి బుల్లి వాయిద్యాన్ని అక్కడి కోవాతో చెయ్యడం మొదలుపెట్టారు. హవాయి రాజు కలాకౌవా దాన్ని కొలువుకెక్కించాడు. 1915 శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనతో అమెరికా అంతా దాని వెంటపడింది. ఆ మరుసటేడు శామ్యూల్ కమాకా హోనలూలూలో పెట్టిన కార్ఖానాని ఆయన కుటుంబం ఇప్పటికీ నడుపుతోంది.

ఇక శబ్దం. పైన ఉన్న తీగ మంద్రం పలుకుతుందనుకుంటాం. పలకదు. దాని కింది తీగే అన్నిటికన్నా తగ్గు. పై నుంచి వరసగా జి, సి, ఇ, ఏ. సి ని షడ్జం అనుకోండి: ప, స, గ, ధ. అంటే ఏ మెట్టూ నొక్కకుండా నాలుగు తీగలూ మీటితే మోహనంలో రి ఒక్కటే తక్కువ! ఆ రి కూడా ఎంతో దూరం లేదు, స తీగ మీద రెండో మెట్టు దగ్గరే ఉంది. ధ తీగ మూడో మెట్టు మీద తారషడ్జం. ఆరోహణ మొత్తానికి ఎడమచెయ్యి కదలాల్సింది ఈ రెండుచోట్లే. మధ్యలో ప కోసం బొటనవేలు పైకెళ్లి రావాలి, అక్కడే నాలాంటివాళ్లు తడబడతారు. ‘వరవీణా’ గీతం దాటిన పిల్లలకు మాత్రం ఒక పూటలో దారి తెలిసిపోతుంది.

మొదటి రోజుల్లో దీని గొంతు విని తీర్పు చెప్పెయ్యకూడదు. కొత్త నైలాన్ తీగలు సాగుతూనే ఉంటాయి. శ్రుతి చేసి, పాట ఎత్తుకుని, చరణానికి వచ్చేసరికి జారిపోతాయి. అది వాయిద్యం తప్పు కాదు, రోజూ బిగిస్తూ పోతే కుదురుకుంటాయి. తప్పు పట్టాల్సింది వేరేచోట. పన్నెండో మెట్టు మీద నొక్కితే విడితీగ స్వరమే పై స్థాయిలో రావాలి. రాకపోతే మెట్లు గానీ బ్రిడ్జి గానీ సరిగ్గా కుదరలేదని అర్థం. తిరిగిచ్చెయ్యడమే మేలు. మాది నిలిచింది.

నాకు నచ్చింది దీని తొందర. మీటగానే టక్కున పలుకుతుంది, అంతే త్వరగా ఆరిపోతుంది. కార్వై ఆశించేవాళ్లకు ఇది లోటే. కానీ దరువుకి, పదిమంది కూడి పాడే పాటకి ఆ కురచ పలుకే అందం. ఒక స్వరం ఇంకోదాని మీద పడి మసకబారదు.

గమకాల దగ్గరే పేచీ. గాంధారాన్ని కాస్త ఊపుదామని తీగను పక్కకు లాగితే నైలాన్ సాగుతుందే గానీ, వీణ తీగలా స్వరం అంత పైకెక్కదు. జారు మాత్రం బాగా వస్తుంది. ధ తీగ మూడో మెట్టు మీంచి ఐదో మెట్టుకు వేలు ఎత్తకుండా జరిపితే తారషడ్జం మెత్తగా రిషభంలోకి వెళ్లిపోతుంది. ప్రస్తుతానికి సాయంత్రాలన్నీ దాని మీదే నడుస్తున్నాయి.