గృహముల విలువ కట్టుట – తొందర వలని చేటు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మనవారి సామెత. ఆ సామెత పుట్టిన కాలమున గృహస్థు తాను కూడబెట్టిన ధనమునకు లోబడి ఇల్లు కట్టుకొనెడివాడు. చాలనిచో బంధువుల యొద్ద చేబదులు తెచ్చుకొనెడివాడు. నేడట్లు కాదు. మధ్యతరగతి కుటుంబీకుడు ఇరువది యేండ్ల జీతమును ముందుగనే కుదువబెట్టి ఇల్లు కొనుచున్నాడు. అంతటి భారమునకు ఆధారమైనది యొక చిన్న నివేదిక. ఆ యింటి విలువ యింతయని బ్యాంకివారి జాబితాలోని యొక విలువకర్త వ్రాసి, సంతకము చేసి యిచ్చు కాగితమది. నెల్లూరు సీమలో దానిని వాల్యూయేషను అనియు, దానిని వ్రాయువానిని వాల్యూయేషను ఇంజనీరు అనియు జనులు పిలుచుచున్నారు. ఈ నివేదిక త్వరగా రావలెను, చౌకగా రావలెను అను ఒత్తిడి నానాటికి హెచ్చుచున్నది. ఈ తొందర వలన లాభ మెవరికి, నష్ట మెవరికి అను విషయమును గూర్చి మా పాఠకులకు నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

విలువ కట్టుట బేరమాడుట కాదు. అమ్మువాడు హెచ్చు చెప్పును. కొనువాడు తగ్గించి యడుగును. దళారి ఇరువురను కలుపుటకు నడిమి మాట యాడును. ఋణమిచ్చు శాఖాధికారికి నెలసరి లక్ష్యము తీఱవలెను. వీరందఱికిని బేరము కుదురుటయే కావలెను. కుదిరినను కుదురకున్నను తనకు లాభనష్టములు లేనివాడు ఈ వ్యవహారమున నొక్కడు ఉండవలెను. అతడే విలువకర్త. బ్యాంకిలో పొదుపుచేసికొన్న వేలకొలది జనులు ఆ యింటిని చూడబోరు. వారి కన్ను అతడే. కొనువాడు చూచినను ఆశతో చూచును. ఆశలేని చూపు అతనిదే కావలెను.

ఇది మనకు క్రొత్త ధర్మము కాదు. 1909లో మైసూరున శ్యామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిల్యుని యర్థశాస్త్రమున, తృతీయాధికరణమున, వాస్తువిక్రయమును గూర్చి స్పష్టమైన విధి యున్నది. ఇల్లు అమ్మదలచినవాడు ఇరుగుపొరుగు కుటుంబములవారి సమక్షమున, ఆ యింటి యెదుటనే నిలిచి విక్రయమును చాటవలెను. పొలమైనను, తోటయైనను, చెఱువైనను గ్రామవృద్ధుల యెదుట హద్దులు ఉన్నవి యున్నట్లు చెప్పవలెను. ధరను ముమ్మాఱు పలుకవలెను. దీని భావమేమి? ఆస్తి విలువ ఆస్తి యున్నచోటనే, దానిని ఎఱిగినవారి నడుమనే తేలవలెను గాని, దూరమున గూర్చుండి ఊహించుటకు వీలుకాదని మన పెద్దల నిశ్చయము.

స్వతంత్రభారతమునందును ఈ వృత్తికి శాసనము లేకపోలేదు. 1957 నాటి ధనపన్ను చట్టమునకు 1972లో సవరణ చేసి, రిజిష్టరు చేయబడిన విలువకర్తలను ప్రభుత్వ మేర్పఱచెను. ఆ పన్ను 2015లో రద్దయ్యెను. 2013 నాటి కంపెనీల చట్టము ననుసరించి 2017లో క్రొత్త నిబంధనలు వెలువడెను. ఆ నిబంధనలకు చేర్చిన ప్రవర్తనా నియమావళిలో మూడు మాటలు గమనింపదగినవి. విలువకర్త పుచ్చుకొను రుసుము చేసిన పనికి తగినదై యుండవలెను. తగిన కాలము వినియోగింపజాలనన్ని పనులను అతడు ఒప్పుకొనరాదు. వ్యవహారము ఫలించినందుకు ప్రతిఫలముగా రుసుము పుచ్చుకొనరాదు. ఇంతకంటె మంచి మాటలు వేఱెవ్వరు చెప్పగలరు? కాని యీ నియమములు ముఖ్యముగా కంపెనీల చట్టము, దివాలా చట్టముల క్రింద జరుగు పనులకొఱకు చేయబడినవి. గృహఋణముల కొఱకు ఏ బ్యాంకికి ఆ బ్యాంకియే తన జాబితాను నిర్మించుకొనుచున్నది. 50 కోట్ల రూపాయలు గాని, అంతకు మించి గాని విలువగల యాస్తులకు కనీసము రెండు నివేదికలు కావలెనని రిజర్వు బ్యాంకు 2007లో ఆదేశించెను. సామాన్యుని యింటికి ఆ రక్షణ లేదు. అతని యదృష్టము ఒక్క సంతకముతో ముడిపడి యున్నది.

ఆ సంతకము నేడెట్లు పడుచున్నదో మేమెఱిగిన యొక సంగతి చెప్పెదము. ఊరి పేరు, బ్యాంకి పేరు ఇచ్చట ననవసరము. మా మిత్రులొకరు, ఉపాధ్యాయవృత్తినుండి విరమించినవారు, ముత్తుకూరు మార్గమున నొక గ్రామములో కుమారుని పేర ఇల్లు కొనిరి. విలువకర్త రాలేదు. ఆయన పంపిన కుఱ్ఱవాడు మోటారుసైకిలుపై వచ్చి, వీధిలో నిలిచి, సెల్‌ఫోనుతో నాలుగు ఛాయాచిత్రములు తీసికొని, పావుగంటలో వెడలిపోయెను. మఱునాటి యుదయమునకే నివేదిక బ్యాంకికి చేరెను. త్రాగునీటి సౌకర్యము కలదని అందులో వ్రాయబడి యుండెను. గృహప్రవేశమైన పిదప వచ్చిన మొదటి వేసవిలోనే బోరునీరు ఉప్పుగా మాఱెను. ఇంటి వెనుక కొబ్బరితోట, దాని వెనుక రొయ్యల గుంటలు. వీధిలో నిలిచినవానికి కొబ్బరితోట కనబడును గాని గుంటలు కనబడవు.

కొంతకాలమునకు ఆ విలువకర్తయే మాకు తటస్థించెను. నిష్ఠురముగా నడిగితిమి. ఆయన కోపపడలేదు. "అయ్యా, ఉదయమున ఫోనులో ఆజ్ఞ వచ్చును, సాయంకాలమునకు నివేదిక కావలెనందురు. రుసుము ఎన్నో యేండ్లనుండి పెరుగలేదు. పెట్రోలు ఖర్చు పోగా మిగులునది ఒక మేస్త్రి దినకూలికి చాలదు. నేను రెండు దినములు తీసికొన్నచో తరువాతి పని వేఱొకనికి పోవును. నేను వేసిన విలువ బేరపు ధరకంటె తగ్గినచో ఆ గంటలోనే ఫోను మ్రోగును" అనెను. మేము మఱుమాట పలుకలేకపోతిమి. ఆయన చేసినది తప్పే. కాని ఆ తప్పును ఆయన చేత చేయించు ఏర్పాటు అంతకంటె పెద్ద తప్పు.

మా నెల్లూరు తీరమున ఈ తొందర మఱింత ప్రమాదకరము. ఏలయన, ఇచ్చట భూమి విలువను నిర్ణయించునవి పైకి కనబడునవి కావు. మొదటిది నీరు. ఇసుకనేలలో పైపొరగా నిలిచిన తీపినీటిని దొరువులు త్రవ్వి పైపైన తోడుకొనుటయే మన తీరవాసులు తరతరములుగా నేర్చిన విద్య. ఆ తీపిపొర క్రింద ఉప్పునీరున్నది. 1990 ప్రాంతములనుండి రొయ్యల గుంటలు పెరిగిన కొలది ఆ పొర అనేక గ్రామములలో చెడినది. ఈ గుంటల విషయమై సుప్రీముకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పవలసి వచ్చెను. 2005లో పార్లమెంటు ప్రత్యేకముగా నొక చట్టము చేయవలసి వచ్చెను. రెండవది వరద. 2021 నవంబరులో పెన్న పొంగి, కోవూరు దాపున జాతీయ రహదారిని త్రెంచి, పడుగుపాడు వద్ద రైలుకట్టను కోసివేసినది. వేసవిలో తీసిన ఛాయాచిత్రమున ఆ నీటిగుఱుతు కనబడునా? మూడవది హక్కు. సముద్రపు పోటుగీటునుండి కొంతదూరము వఱకు కట్టడములపై 1991 నుండి నిర్బంధములున్నవి. బకింగ్‌హాము కాలువ ప్రక్కను పోరంబోకు లున్నవి. పేదలకు పట్టాగా నిచ్చిన భూములను అన్యాక్రాంతము చేయరాదని 1977 నాటి చట్టమున్నది. నాలుగవది కొలత. నెల్లూరిలో అంకణమన్నచో 72 చదరపు అడుగులని వాడుక. తిరుపతిలో 36 అడుగులే. ఈ భేద మెఱుగక ధరలను పోల్చినవాడు సగమునకు సగము పొరబడును.

అయిదవది వదంతి. కృష్ణపట్టణపు రేవు 2008లో క్రొత్తగా తెఱవబడినది మొదలు ఈ తీరమున ధరలను నిజముకంటె ముందుగా మాటయే పెంచుచున్నది. 2025 జనవరిలో కృష్ణపట్టణపు పారిశ్రామిక నగరమునకు ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. పరిశ్రమ వచ్చుట మాకును సంతోషమే. కాని రాబోవు పరిశ్రమ ధరను నేడే ఉప్పునేలపై వేసి, ఆ ధరకు గృహస్థునిచే ఋణము చేయించుట న్యాయము కాదు. వదంతిని వడగట్టి నిజమును తేల్చుటయే విలువకర్త పని. దానికి కాలము కావలెను.

లెక్క చూతము. 30 లక్షలకు మించని గృహఋణములను ఇంటి విలువలో నూటికి 90 వంతుల వఱకు ఈయవచ్చునని రిజర్వు బ్యాంకు నిబంధన. ఒక యింటి నిజమైన విలువ 25 లక్షలనుకొందము. తొందర నివేదిక దానిని 30 లక్షలుగా చూపెను. ఇంటివాడు తన చేతినుండి 3 లక్షలు పెట్టి, 27 లక్షలు ఋణము తెచ్చి కొనెను. గృహప్రవేశము నాడే అతని ఋణము ఇంటికంటె 2 లక్షలు హెచ్చు. అతని 3 లక్షలును పోయినవి. మొత్తము 5 లక్షల నష్టము. విలువకర్తకు ఒక్క దినము హెచ్చుగా నిచ్చియుండినచో తప్పియుండెడి నష్టమిది.

తొందర వలన విలువ పెరుగుటయే కాదు, తఱుగుటయు గలదు. వాయిదాలు తప్పినవాని యింటిని 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద బ్యాంకి వేలమునకు పెట్టును. పాట మొదలగు కనీసపు ధర కూడ విలువకర్త నివేదికను బట్టియే నిర్ణయింపబడును. కొనునాడు హెచ్చు చూపిన కలమే అమ్మునాడు తక్కువ చూపినచో, ఆ కుటుంబము రెండుమాఱులు చెడినట్లే గదా!

ఎదుటివారి వాదమును గూడ వినుట ధర్మము. ఋణము కొఱకు నెలలు తిరుగుట పేదవానికే కష్టమనియు, రుసుము పెరిగినచో అది అతని నెత్తినే పడుననియు బ్యాంకివారందురు. అందులో సత్యము లేకపోలేదు. ఒకే నమూనాలో కట్టిన పట్టణపు ఫ్లాట్లకు, పొరుగు విక్రయముల లెక్కలు గల చోట, యంత్రగణనము మంచి సహాయమే చేయును. యంత్రమును మేము ద్వేషింపము. కాని యంత్రము తనకిచ్చిన లెక్కలనే లెక్కించును. మనదేశమున రిజిష్టరు కచేరీలో వ్రాయించు ధర వేఱు, చేతులు మాఱు ధర వేఱు అని పాఠకులెఱుగనిది కాదు. అసత్యపు లెక్కనుండి యెంత వేగముగా తీసినను సత్యము రాదు.

ఈ దారిలో మనకంటె ముందు నడచిన దేశము అమెరికా. మన యిండ్ల పిల్లలు అనేకులు అచ్చట ఇండ్లు కొని యున్నారు గనుక అచ్చటి యనుభవము మనకు పరాయిది కాదు. అచ్చటి పొదుపు సంస్థలు అనేకము కూలిన పిమ్మట, 1989లో విలువకర్తలకు లైసెన్సులను విధించు చట్టము చేసిరి. అయినను 2000 నుండి 2007 వఱకు సుమారు 11,000 మంది విలువకర్తలు సంతకములు చేసి ప్రభుత్వమునకు మొఱపెట్టుకొనిరి. కోరిన ధర వ్రాయుమని ఋణదాతలు ఒత్తిడి చేయుచున్నారనియు, వ్రాయని నిజాయితీపరులకు పనులు నిలుపుచున్నారనియు వారి మొఱ. విన్నవారు లేరు. 2008లో ఆ దేశపు బ్యాంకులు కూలుటయు, లోకమంతయు దాని ఫలమనుభవించుటయు జరిగెను. 2011లో వెలువడిన విచారణసంఘపు నివేదిక ఆ మొఱను చరిత్రలో చేర్చినది. 2010 నాటి చట్టము ధరపై ఒత్తిడి చేయుటను నిషేధించెను. కాని ఋణదాతకును విలువకర్తకును నడుమ మధ్యవర్తి సంస్థలు బలపడి, రుసుములో భాగము పుచ్చుకొనసాగెను. 2019లో, 4 లక్షల డాలర్ల లోపు గృహవ్యవహారములు అనేకమునకు పూర్తి నివేదిక యక్కఱలేదని హద్దును పెంచిరి. పూర్వము ఆ హద్దు 2.5 లక్షలు. బెదిరింపును చట్టము ఆపగలిగినను, కాలమును రుసుమును కోయుటను ఆపలేకపోయినదని దీనివలన తేలుచున్నది.

కావున మేము కోరునది యిది. విలువకర్త రుసుము ఋణము మంజూరైనను కాకున్నను చెల్లింపబడవలెను. అందులో అతనికి చేరున దెంతయో ఋణగ్రహీతకు తెలియవలెను. పనులను శాఖాధికారి యిష్టమునకు విడువక వరుసక్రమమున పంచవలెను. ఎవరు, ఏనాడు, ఎన్ని గంటలకు వచ్చి చూచిరో, నీటిని పరీక్షించిరో లేదో, 2021 వరద ఆ వాకిట నెంత యెత్తున నిలిచినదో, ఇరుగుపొరుగున నెవరిని విచారించిరో నివేదికలో ఉండవలెను. ఖర్చు భరించు గృహస్థునికి ఆ నివేదిక ప్రతి తెలుగున అందవలెను. కుటుంబమునకున్న యొక్కగానొక్క యింటిని వేలము వేయుటకు ముందు ఇరువురు విలువకర్తలు వేఱువేఱుగా చూడవలెను. విలువకర్తలును ఏకమై, చూడని యింటికి సంతకము చేయమని నిశ్చయించుకొనవలెను. ఒక్కడు కాదన్నచో పని పోవును. అందఱు కాదన్నచో రుసుము పెరుగును.

మా పాఠకులకు కడపటి మనవి యొకటి. కొనదలచిన యింటిని రెండుమాఱులు చూడుడు. వైశాఖమున నొకమాఱు పోయి, బోరునీరు పుక్కిట పట్టి చూడుడు. కార్తికపు ముసురులో నొకమాఱు పోయి, వాకిట నీరెక్కడ నిలుచునో చూడుడు. పొరుగింటి ముసలమ్మ నడుగుడు. ఆమె నివేదిక వ్రాయదు, రుసుము పుచ్చుకొనదు, అబద్ధమాడవలసిన యవసరమును ఆమెకు లేదు. ఆమె చెప్పు మాటను బ్యాంకి కాగితము కూడ చెప్పగల దినము వచ్చువఱకు, ఇరువది యేండ్ల ఋణమునకు ఒక్క పూట చూపు చాలునని యెవ్వరన్నను నమ్మకుడు.